ఎర్ర ట్రే నిండే దాకా

రేగులవలస పురపాలక సంఘానికి కంప్యూటర్లకంటే ముందు కంప్యూటర్ పద్ధతి వచ్చింది.

కంప్యూటర్లు ఎప్పుడొస్తాయో 1998 నాటికి ఎవరికీ తెలియదు. పద్ధతి మాత్రం ఆ ఏడాది మే నాలుగో తేదీ, సోమవారం, ఉదయం పదిన్నరకు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. పదకొండు పేజీల సర్క్యులర్. పంపినవారు ప్రాంతీయ సంయుక్త సంచాలకులు ఉరిటి త్రినాథరావు.

ఆయన అంతకు ముందు నెల రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లివచ్చారు. కంప్యూటర్ రికార్డులను వరుసగా ఎలా చదువుతుందో, ఎలా రాస్తుందో మొదటి రోజు చెప్పారు. వరుస లేకుండా కావలసిన రికార్డు దగ్గరికి నేరుగా ఎలా వెళ్తుందో రెండో రోజు చెప్పారు. ఆ రోజు ఆయన మ్యూజియం చూడడానికి వెళ్లారు. మూడో రోజు అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు.

సర్క్యులర్ మొదటి పేరా ఇలా ఉంది: "కంప్యూటర్లు సరఫరా అగు వరకు వేచియుండుట వలన అమూల్యమైన కాలము వృథా అగుచున్నందున, సిబ్బంది యావన్మందియు ఈలోపు తామే కంప్యూటర్లుగా వ్యవహరించుట అలవరచుకొనవలెను."

కమిషనర్ వేణుమాధవ్ సిబ్బందిని కూర్చోబెట్టి సర్క్యులర్ చదివించారు. చదివింది జనన మరణాల విభాగం సీనియర్ అసిస్టెంటు బెవర వరహాలు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. ఏ ఏడాది కట్ట ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. మూడో పేజీకి వచ్చేసరికి, ఇకపై ఆ తెలివి వాడకూడదని అతనికి అర్థమైంది.

కంప్యూటర్ ఒక్కో రికార్డు కోసం గదిలోకి వెళ్లిరాదు. ఒక్కసారికి అరవై నాలుగు తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. అవి చదవడం అయ్యాక తరువాతి అరవై నాలుగు తెచ్చుకుంటుంది. అలా దగ్గర పెట్టుకునే చోటును బఫర్ అంటారు. రాయడానికి ఇంకో బఫర్ ఉంటుంది. అది నిండే దాకా కంప్యూటర్ అసలు ఫైలులో ఒక్క అక్షరం రాయదు. నిండాక అన్నీ ఒకేసారి రాస్తుంది. సిబ్బంది కూడా అలాగే చేయాలి. చదవడం ఎప్పుడూ ఒకటో నంబరు నుంచి మొదలవ్వాలి. మనసులో చదివితే తనిఖీ కుదరదు కాబట్టి దరఖాస్తుదారుకు వినబడేలా చదవాలి.

"సార్, చిన్న అనుమానం," అన్నాడు వరహాలు. "ఎనభై ఎనిమిది కాగితం కావాలంటే ఎనభై ఎనిమిది కట్ట తీస్తే సరిపోతుంది కదండీ?"

"అది మానవ పద్ధతి," అన్నారు కమిషనర్.

పుట్టుక ఫారాలు అప్పటిదాకా ఏడాదికో కట్టగా కుట్టి ఉండేవి. వారం రోజుల్లో కుట్లన్నీ విప్పి, 1931 జనవరి నుంచి వరుసగా నంబర్లు వేసి, ఒకే ఫైలు చేశారు. మొత్తం 11,386 కాగితాలు. ముందొక అట్ట, వెనకొక అట్ట, చుట్టూ నాలుగు గజాల నాడా. నిలబెడితే అటెండరు సన్నిబాబు గడ్డం దాకా వచ్చింది. అందుకని రికార్డు గదిలో మూడో అర మీద పడుకోబెట్టారు. ట్రేలకు టెండరు పిలిస్తే మూడు నెలలు పడుతుంది. కమిషనర్ జీడిపప్పు ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే వాళ్లు రెండు అరువిచ్చారు. నీలం ట్రే చదవడానికి, ఎర్ర ట్రే రాయడానికి.

మే పదకొండున మొదటి దరఖాస్తు వచ్చింది.

లోలుగు అసిరమ్మ ట్రేలను చూడగానే గుర్తుపట్టింది. తను పప్పు వలిచే ఫ్యాక్టరీవే. ఆమె కూతురు ఝాన్సీకి గురుకుల పాఠశాలలో అయిదో తరగతి సీటు వచ్చింది. పేరుతో ఉన్న పుట్టుక సర్టిఫికెట్టు జూన్ ముప్ఫై సాయంత్రం అయిదు లోపల పాఠశాలలో ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు జాబితాలో తరువాతి పిల్లకు పోతుంది. ఆ ఉత్తరం మడత పెట్టి జాకెట్లో దాచుకుంది.

ఝాన్సీ పుట్టుక ఫారంలో పేరు లేదు. "ఆడ శిశువు" అని ఉంది. రేగులవలసలో చాలామందికి అంతే. పుట్టిన వారంలోపు ఆఫీసులో రాయిస్తారు, ఇరవై ఒకటో రోజున పేరు పెడతారు. పేరు రాయించడానికి మళ్లీ ఎవరూ రారు. మే నాలుగుకు ముందు ఈ పని వరహాలుకు పది నిమిషాలు. కట్ట తీసి, పేరు రాసి, ముద్ర వేసి ఇచ్చేవాడు.

"ఎన్నాళ్లవుద్ది బాబూ?" అంది అసిరమ్మ.

"వరుసగా చదవాలమ్మా."

"నా గుంట ఎనబయ్యెనిమిదిలో పుట్టింది. ముందోల్లతో నాకేటి పని?" కిటికీలోంచి రికార్డు గది కనిపిస్తోంది. ఆ ఏడాది ప్రెస్సులో తెల్ల కాగితం దొరక్క ఫారాలు పసుపు కాగితం మీద అచ్చువేశారు. పడుకోబెట్టిన ఫైలులో ఆ చోట ఒక పసుపు గీత ఉంది. "అదిగో, ఆ పసుప్పచ్చ గీత. దాన్లోనే ఉన్నాది. సెయ్యి సాపితే అందుతాది."

"అందుతుంది. అందుకోకూడదు."

"మరేటి సేత్తారు?"

"ఒకటో నంబరు నుంచి చదువుతాను. నువ్వు వినాలి."

"ఆల్లెవరో నాకేటి తెలుస్తాది?"

"తెలియక్కర్లేదు. వింటే చాలు."

సన్నిబాబు నాడా విప్పి అరవై నాలుగు కాగితాలు లెక్కపెట్టి నీలం ట్రేలో తెచ్చాడు. వరహాలు గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి. ఆడ శిశువు. తండ్రి పొట్నూరు లచ్చయ్య, వృత్తి కమ్మరి. పుట్టింది 1931 జనవరి 6. రెండు. మగ శిశువు..."

కాగితానికి పన్నెండు సెకన్లు పట్టింది. గంటకు మూడు వందలు. భోజనానికి అరగంట పోను, సాయంత్రం అయిదుకు 1,800 దగ్గర, 1957లో ఆగారు. సన్నిబాబు ఫైలు సర్ది నాడా కట్టాడు. మర్నాడు పదిన్నరకు నాడా విప్పాడు. క్లాజు ఎనిమిది ప్రకారం, మూసిన ఫైలు తెరిస్తే చదువు ఒకటో నంబరు నుంచి మొదలవుతుంది.

"ఒకటి. ఆడ శిశువు. తండ్రి పొట్నూరు లచ్చయ్య..."

అసిరమ్మ ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. పన్నెండు పనిదినాల్లో పన్నెండుసార్లు 1957 దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఝాన్సీ పుట్టడానికి ఇంకా ముప్ఫై ఒక్క ఏళ్లు ఉండగా ప్రతిరోజూ అయిదు గంటలయ్యేది.

రెండో రోజు నుంచి వరండాలో రిటైర్డు పోస్టుమాన్ బమ్మిడి దాలయ్య కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎనభై ఒక్క ఏళ్లు. రేగులవలసలో ముప్ఫై ఎనిమిదేళ్లు ఉత్తరాలు పంచాడు. తండ్రి పేరు, వృత్తి వినగానే ఆ శిశువు ఎవరో చెప్పేసేవాడు.

"కొర్రాయి రామన్న అంటే గొల్లవీధి సివరిల్లు. ఆ పిల్లడే ఇప్పటి సోడా కొట్టు అప్పలసామి."

"వాడికి నాకంటే నాలుగేళ్లు తక్కువని చెప్పాడే!" అనేవాడు పక్కనున్న ఒకాయన.

"ఆడికి నీకంటే రెండేళ్లెక్కువ. ఇప్పుడే సదివినారు, ఇన్నేదా?"

నాలుగో రోజుకు వరండాలో ముప్ఫై మంది ఉన్నారు. అన్న అనుకున్నవాడు తమ్ముడని తేలింది. ఒకావిడ మొగుడికంటే రెండేళ్లు పెద్దదని తేలింది. ఆమెకు ఆ సంగతి ముందే తెలుసు. అప్పలసామి సోడాలు వరండాలోకే తెచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. ఒక టైలరు తన కాగితం చదువుతుండగా లేచి, "అది నాదే బాబూ, ఆపండి!" అన్నాడు. ఇది అసిరమ్మ కోసం చదువుతున్నదని, మధ్యలో ఆపితే మళ్లీ ఒకటి నుంచి చదవాలని వరహాలు చెప్పాడు. ముప్ఫై మందీ టైలరును కూర్చోబెట్టారు.

రోజూ అవే 1,800 చదవడంతో వరండాకు చాలా నంబర్లు నోటికొచ్చేశాయి.

"నాలుగు వందల పన్నెండు. మగ శిశువు. తండ్రి ఉరిటి జగ్గారాయుడు, వృత్తి ఉప్పు కొఠారు గుమస్తా..."

"అయిదో కాన్పు," అనేవాడు దాలయ్య. "నలుగురు ఆడగుంటల తరవాత ఈడు. బదిలీ అయి ఎల్లిపోనారు. ఈ పిల్లడేటయ్యాడో మరి." పదో రోజుకు ఆ చివరి మాట అతనితో కలిసి వరండా అంతా అనేది.

మే ఇరవై మూడున, శనివారం, అయిదు కావస్తుండగా సన్నిబాబు నాడా అందుకున్నాడు.

"బాబూ, ఆ తాడు కట్టకపోతే ఏటవుద్ది?" అంది అసిరమ్మ.

వరహాలు సర్క్యులర్ తీశాడు. క్లాజు ఎనిమిదిలో "మూయుట యనగా నాడా కట్టుట" అని ఉంది. ఎప్పుడు కట్టాలో లేదు. అతను సర్క్యులర్ పట్టుకుని కమిషనర్ గదిలోకి వెళ్లాడు. కమిషనర్ అరగంట ఆలోచించి నోట్ ఫైలులో రాశారు: "సాయంత్రం అయిదు తరువాత ఫైలు విశ్రాంతిలో ఉండును. మూయబడి యుండదు."

అప్పటికే సన్నిబాబు ఆ రోజు నాడా కట్టేశాడు కాబట్టి, సోమవారం విప్పి ఒకటి నుంచి మొదలుపెట్టి, ఇక కట్టకుండా చదివారు. శనివారం ఉదయం పదకొండూ పదికి, నూట నలభై నాలుగో ట్రేలో యాభై అయిదో కాగితం వచ్చింది. పసుపు కాగితం.

"తొమ్మిది వేల రెండు వందల ఏడు. ఆడ శిశువు. తండ్రి లోలుగు పెంటయ్య, వృత్తి లారీ క్లీనరు. తల్లి అసిరమ్మ. పుట్టింది 1988 ఫిబ్రవరి 2."

అసిరమ్మ లేచి నిలబడింది. వరండా చప్పట్లు కొట్టింది. వరహాలు పెన్ను తీశాడు. మూత తీశాడు. మళ్లీ మూత పెట్టాడు.

"ఏటయ్యింది?"

"ఇప్పుడు రాయకూడదమ్మా. నీ ఫారం ఎర్ర ట్రేలో పెడతాను. ట్రే నిండాక రాస్తాను."

"నిండడానికి ఎన్ని గావాల?"

"ఇంకా అరవై మూడు."

అసిరమ్మ ఎర్ర ట్రేలోని ఒక్క కాగితాన్ని చూసింది. "ఫ్యాక్టరీలో ఈ ట్రే నేను గంటలో నింపుతాను," అంది.

కమిషనర్ కూడా ట్రే నింపాలనే అనుకున్నారు. నాడా కట్టకుండా చదువు కొనసాగించమని, ఎవరి కాగితం నీలం ట్రేలోకి వచ్చినప్పుడు వాళ్లు పేరు చేర్పు ఫారం ఇవ్వవచ్చని ఆదేశించారు. ఊళ్లో టముకు వేయించారు. ఒక చుట్టు పూర్తికావడానికి ఆరు రోజులు. పేరు చేర్చుకోదలచినవారు బస్టాండులో బస్సు కోసం కూర్చున్నట్టు వరండాలో కూర్చోవాలి. జూన్ పది నాటికి ఎర్ర ట్రేలో తొమ్మిది కాగితాలున్నాయి.

తక్కువ రావడానికి కారణం ఉంది. రేగులవలసలో చదువుకున్న వాళ్లందరూ జూలై ఒకటిన పుట్టారు. బడిలో చేర్చేటప్పుడు తేదీ చెప్పేవాళ్లు లేక, ఏ హెడ్‌మాస్టరు వచ్చినా అదే తేదీ వేసేవాడు. సంవత్సరం పిల్లవాడి ఎత్తు చూసి వేసేవాడు. ఆ తేదీ మీదే ఉద్యోగాలు వచ్చాయి, ఆ తేదీ మీదే రిటైరవుతారు. పుట్టుక ఫారంలో ఉన్న శిశువుకు తమ పేరు తగిలిస్తే అసలు తేదీ కూడా తగులుకుంటుంది. నారాయణ మాస్టారు ఒకరోజు వరండాకు వచ్చి, తన తండ్రి పేరు వినబడగానే కొత్తిమీర కొనాలని లేచి వెళ్లిపోయారు.

అసిరమ్మ ఫ్యాక్టరీకి వెళ్లింది. అక్కడ రేగులవలసలో పుట్టినవాళ్లు, తనతో కలిపి, యాభై ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఎవరూ బడికి వెళ్లలేదు కాబట్టి ఎవరూ జూలై ఒకటిన పుట్టలేదు.

"నా పేరు ఇప్పుడు రాయించి ఏటి సేసుకుంతానే?" అంది ఒకామె. "రేపో మాపో తీసీడానికా?"

"నీకు అక్కర్నేదప్పా. నా గుంటకి గావాల. నువ్వొచ్చి కూకుంటే సాలు."

యాభై ఇద్దరూ వంతులవారీగా వచ్చి కూర్చున్నారు. ఆ లెక్కన అరవై ఒకటి అయ్యాయి. సోడా కొట్టు అప్పలసామి, అతని తమ్ముడని తేలిన అన్న కలిసి అరవై మూడు చేశారు. దాలయ్య పుట్టింది ఆ ఫైలు మొదలుకావడానికి పద్నాలుగేళ్ల ముందు, అదీ పక్క తాలూకాలో. అందుకు అతను రోజూ విచారించేవాడు.

జూన్ ఇరవై తొమ్మిది, సోమవారం. గురుకులం తెరిచి రెండు వారాలైంది. ఝాన్సీ రేకు పెట్టె సర్దుకుని అన్ని రోజులూ అయింది. ఎర్ర ట్రేలో అరవై మూడు కాగితాలున్నాయి.

"ఒకటి తక్కువైతే ఏటి బాబూ?" అంది అసిరమ్మ.

"అరవై మూడును నిండడం అనరమ్మా," అన్నాడు వరహాలు. అనేటప్పుడు ఆమె వైపు చూడలేదు.

ఆమె నారాయణ మాస్టారింటికి వెళ్లింది.

"మాస్టారూ, ఒక్క పేరు."

"ఆ ఒక్క పేరుతో నాకు నాలుగు నెలల సర్వీసు పోతుంది అసిరమ్మా."

"నాలుగు నెల్లే గదా."

"నీకు నాలుగు నెలలే. నాకు నాలుగు జీతాలు," అన్నారు మాస్టారు. తలుపు మాత్రం వెయ్యలేదు. ఆమె వీధి మలుపు తిరిగే దాకా గుమ్మంలోనే నిలబడ్డారు.

జూన్ ముప్ఫై ఉదయం పది నలభైకి సంయుక్త సంచాలకులు జీపులో వచ్చారు. సర్క్యులర్ అందుకున్న ఇరవై ఆరు పురపాలక సంఘాల్లో ఇరవై అయిదు దాన్ని బీరువాలో పెట్టాయి. అమలు చేసింది రేగులవలస ఒక్కటే. చూసి వెళ్లడానికి వచ్చారు. వరండాలో నూరు మందికి పైగా ఉన్నారు. అసిరమ్మ ముందు వరుసలో రేకు పెట్టె పక్కన కూర్చుంది. గురుకులం దాకా వెళ్లే బస్సు ఒంటిగంటా పదిహేనుకు. ఆ తరువాతి బస్సు నాలుగున్నరకు. అది చేరేసరికి ఆరవుతుంది.

కమిషనర్ దండ వేశారు. సంచాలకులు మైకు అందుకున్నారు.

"ఒక సాధారణ ప్రభుత్వ ఫైలు వినడానికి ఇంతమంది పౌరులు స్వచ్ఛందంగా విచ్చేయడం నా సర్వీసులో నేను చూడలేదు. ఇది పారదర్శకత. ఇది క్రమశిక్షణ. నాకు మరొక ఆనందం కూడా ఉంది. నేను ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణి. ఉప్పు కొఠారు వెనక ఇంట్లో జన్మించాను. మా తండ్రిగారు కీర్తిశేషులు జగ్గారాయుడుగారు కొఠారు గుమస్తా. నలుగురు ఆడపిల్లల తరువాత కలిగిన ఏకైక పుత్రుణ్ణి. వచ్చే ఏడాది సరిగ్గా ఇదే రోజున పదవీ విరమణ చేయబోతున్నాను. చేసేలోపు..."

వరండాలో తలలన్నీ దాలయ్య వైపు తిరిగాయి. దాలయ్య కర్ర మీద లేచాడు.

"బాబూ, మీది నాలుగొందల పన్నెండు."

"ఏమిటది?"

"మీ నంబరండి."

సంచాలకులు అది టోకెన్ అనుకున్నారు. "చూశారా, వృద్ధుల్లో సైతం సంఖ్యాస్పృహ," అన్నారు కమిషనర్‌తో. తరువాత ప్రదర్శన కోరారు. ఫైలుకు తన చేత్తో నాడా కట్టి, తన చేత్తో విప్పారు. పదకొండు గంటలకు వరహాలు మొదలుపెట్టాడు.

"ఒకటి. ఆడ శిశువు. తండ్రి పొట్నూరు లచ్చయ్య, వృత్తి కమ్మరి..."

ఎవరూ కదల్లేదు. నాలుగో ట్రేకి ఫ్యాక్టరీ ఆడవాళ్లు భోజనం డబ్బాలతో వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. అయిదో ట్రేకి అప్పలసామి కొట్టు మూసి వచ్చాడు. ఆరో ట్రే ఖాళీ అయి ఏడోది వచ్చినప్పుడు వెనకవాళ్లు కాలి వేళ్ల మీద లేచారు. సంచాలకులు కమిషనర్ చెవిలో, "ప్రజాస్పందన అపూర్వం," అన్నారు. అప్పుడు టైము పన్నెండూ ఇరవై.

"నాలుగు వందల పదకొండు. ఆడ శిశువు. తండ్రి గెంబలి పోలయ్య, వృత్తి చేనేత. పుట్టింది 1938 అక్టోబరు 3." వరహాలు కాగితం తిప్పాడు. "నాలుగు వందల పన్నెండు. మగ శిశువు. తండ్రి ఉరిటి జగ్గారాయుడు, వృత్తి ఉప్పు కొఠారు గుమస్తా. పుట్టింది 1938 అక్టోబరు 9."

"అయిదో కాన్పు," అన్నాడు దాలయ్య. "ఈ పిల్లడేటయ్యాడో ఇయ్యాల తెలిసింది."

కమిషనర్‌కు లెక్కలు అలవాటు. "ముప్ఫై ఎనిమిదికి రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిది కలిపితే తొంభై ఆరు. అంటే సార్, తొంభై ఆరు అక్టోబరు ఆఖరుకే తమరు..." అని అక్కడ ఆగారు.

సంచాలకుల సర్వీసు పుస్తకంలో 1941 జూలై ఒకటి అని ఉంది.

"ఆ కాగితంలో పేరేదీ లేదు కదా," అన్నారాయన.

"లేదు సార్. మగ శిశువు అనే ఉంది," అన్నాడు వరహాలు.

"అలాంటప్పుడు అది ఎవరిదైనా కావచ్చు."

"అందుకే గదా బాబూ పేరు సేర్పు," అన్నాడు దాలయ్య. చొక్కా జేబులోంచి ఫారం తీశాడు. అసిరమ్మ కోసం తెచ్చుకుని, తన కాగితం ఈ ఫైలులో లేక నింపకుండా దాచుకున్న ఫారం. ఇప్పుడు నింపి ఉంది.

"నా పేరు చేర్చడానికి మీరెవరండీ?"

"క్లాజు తొమ్మిది సార్," అన్నాడు వరహాలు. "శిశువు ఎదుట ఉంటే, గుర్తించిన వయోజనుడెవరైనా ఇవ్వవచ్చు. తీసుకోనని ట్రే అనకూడదు."

దాలయ్య ఫారాన్ని ఎర్ర ట్రే మీదికి చాచాడు. అసిరమ్మకు అప్పుడు అర్థమైంది. రేకు పెట్టె వదిలేసి లేచింది.

"ఎయ్యి తాతా! ఎయ్యి!"

"ఆగండి," అన్నారు సంచాలకులు. "ఆ ట్రేలో ఎన్ని ఉన్నాయి?"

"అరవై మూడు సార్. ఇది వేస్తే నిండుతుంది. నిండాక రాయడం ఆపే అధికారం ఏ స్థాయి అధికారికీ లేదని క్లాజు పదకొండు. తమరు కింద గీత కూడా గీశారు."

"నిండకముందే ఖాళీ చేయవచ్చా?"

"సర్క్యులర్‌లో లేదండి."

"సర్క్యులర్ రాసినవాణ్ణి నేనయ్యా!"

"అయితే రాసివ్వండి సార్."

కమిషనర్ కాగితం ఇచ్చారు. సంచాలకులు రాయడం మొదలుపెట్టారు. "విస్తృత ప్రజా ప్రయోజనములను, స్త్రీ విద్యా వ్యాప్తిని దృష్టియందుంచుకొని..."

"సెయ్యి నొప్పెడతాంది బాబూ," అన్నాడు దాలయ్య ట్రే మీద చెయ్యి అలాగే ఉంచి. "ఒనుకుడుకి జారిపోతాదేమో. బేగి రాయండి."

సంచాలకులు స్త్రీ విద్యను అక్కడితో ఆపి, ఎర్ర ట్రేను అరవై మూడింటితోనే తక్షణం ఖాళీ చేయవలెనని రాసి సంతకం చేశారు. వరహాలు ఆ కాగితం ఒకసారి చదివి పెన్ను మూత తీశాడు. సన్నిబాబు ఫైలులోంచి కాగితాలు అందించాడు. ఎర్ర ట్రేలో అన్నిటికంటే అడుగున ఉన్నది మొదట వచ్చినది కాబట్టి మొదట దాన్నే రాశాడు.

పన్నెండూ నలభై ఒకటికి సర్టిఫికెట్టు మీద ముద్ర పడింది. అసిరమ్మకు చదువు రాదు.

"సదువు బాబూ," అంది.

"లోలుగు ఝాన్సీ," అని చదివాడు వరహాలు.

"అంతే?"

"అంతే."

ఆమె సర్టిఫికెట్టును జాకెట్లో ఉత్తరం పక్కన పెట్టుకుని, రేకు పెట్టె నెత్తికెత్తుకుని, కూతురు చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచింది. ఒంటిగంటా పదిహేను బస్సు ఒంటిగంటన్నరకు బయలుదేరింది. మూడూ అయిదుకు ఝాన్సీ పేరు పాఠశాల హాజరు పట్టీలో ఎక్కింది.

ఇక్కడ వరహాలు మిగతా అరవై రెండు పేర్లు రాసి ట్రే బోర్లించి చూపాడు. ట్రే ఖాళీ. దాలయ్య దాన్ని తిప్పి పెట్టించి తన ఫారం అందులో పెట్టాడు.

"ఇప్పుడు తీరుబడిగా రాసుకోండి," అన్నాడు.

సంచాలకులు ట్రే వంక చూశారు. ఒక కాగితం. "ఆ అరవై మూడూ రావడానికి ఎంత కాలం పట్టింది?" అని కమిషనర్‌ను అడిగారు.

"నెల రోజులు సార్. అదీ ఆ అసిరమ్మ తిరిగితే. టముకు వేస్తే ఎనిమిది మంది వచ్చారు."

ఆయన జీపు దాకా నడుస్తూ ఆలోచించారు. పద్ధతి రద్దు చేస్తే వరహాలు ఆ పేరు పది నిమిషాల్లో రాసేస్తాడు. రద్దు చేయకపోతే ఇంకా అరవై మూడు రావాలి. అసిరమ్మకు ఇక పని లేదు, తిరగదు. జీపు బానెట్ మీద పెట్టి రెండో ఉత్తర్వు రాశారు. పద్ధతిని మార్పులేమియు లేకుండా యథాతథముగా కొనసాగించవలెను.

మర్నాడు జూలై ఒకటి. రేగులవలసలో చదువుకున్న వాళ్లందరి పుట్టినరోజు.

పదిన్నరకు సన్నిబాబు ఆఫీసు తలుపు తీసేసరికి వరండాలో క్యూ ఉంది. మెట్లు దిగి, సోడా కొట్టు దాటి, మలుపు తిరిగింది. టముకు విని కూడా రానివాళ్లందరూ వచ్చారు. అందరి చేతుల్లో పేరు చేర్పు ఫారాలున్నాయి. ఫ్యాక్టరీకి మధ్యాహ్నం వంతుకు వెళ్లాల్సిన అసిరమ్మ, క్యూలో వాళ్లు తోసుకోకుండా చూస్తోంది.

దాలయ్య కర్రతో ఒక్కొక్కరిని చూపిస్తూ లెక్కపెట్టాడు. అరవై రెండు.

మళ్లీ లెక్కపెట్టాడు. అరవై రెండే. ట్రేలో ఉన్న ఆ ఒక్కదానితో కలిపినా ఒకటి తక్కువ.

రోడ్డుకు అవతల కొత్తిమీర బండి దగ్గర నారాయణ మాస్టారు నిలబడి ఉన్నారు. కొత్తిమీర కొన్నారు. డబ్బిచ్చారు. అసిరమ్మ ఆయన వైపు చూసింది కానీ పిలవలేదు. మాస్టారు రోడ్డు దాటి వచ్చి చివర నిలబడ్డారు.

"నాలుగు నెలలే కదా," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

వరహాలు కుర్చీలో కూర్చున్నాడు. సన్నిబాబు, నిన్న పేర్లు రాయడం అయ్యాక కట్టిన నాడా విప్పి, నీలం ట్రేలో అరవై నాలుగు కాగితాలు తెచ్చాడు. అన్నీ చదవడానికి ఆరు రోజులు పడుతుంది.

"తొందరేం నేదు బాబూ," అంది అసిరమ్మ. "వర్సగా సదవండి."

"ఒకటి," అన్నాడు వరహాలు. "ఆడ శిశువు."